రాత్రి ఏడింటికల్లా తినేస్తే నిజంగా బరువు తగ్గుతామా?

పాలకొల్లు దగ్గర పల్లెటూరి నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆవిడ రాసింది క్లుప్తంగా చెప్తాను. వయసు 38, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 74 కేజీలు, షుగర్ ఉందో లేదో ఎప్పుడూ చూపించుకోలేదు, వాళ్ళమ్మగారికి మాత్రం ఉంది. రాత్రి 7 దాటాక మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టుకోకూడదని యూట్యూబ్‌లో ఎవరో చెప్తే రెండు నెలల నుంచి 6:30కే అన్నం తినేస్తున్నారట, మొదట్లో కేజీన్నర తగ్గి మళ్ళీ మొదటికే వచ్చిందట. వాళ్ళాయన రొయ్యల చెరువు మీంచి ఇంటికొచ్చేసరికి 10 అవుతుంది, ఆయనకి వడ్డించి గిన్నెలు సర్దుకుని పడుకునేసరికి 11, 11:30. "టైం పాటిస్తున్నా ఎందుకు తగ్గట్లేదు, అసలు టైముకీ బరువుకీ సంబంధం ఉందా, ఇదంతా ఉత్తిదేనా" అని అడిగారు. రాత్రి పెరుగు మానెయ్యాలా అని కూడా అడిగారు.

సంబంధం ఉందమ్మా, కాకపోతే ఆ వీడియోల్లో చెప్పినంత లేదు. నేను డైటీషియన్ని, నా దగ్గరికొచ్చేది ఎక్కువగా భీమవరం, నరసాపురం, పాలకొల్లు వైపు జనమే, ఏళ్ళ తరబడి చూస్తున్నదాన్ని బట్టి చెప్తున్నా, పెందలాడే తిని తగ్గినవాళ్ళలో చాలామంది తగ్గింది గడియారం వల్ల కాదు, పెందలాడే తినేసి నోరు కట్టేసుకున్నారు కాబట్టి రోజులో ఒక తిండి ఎగిరిపోయింది, అందుకని తగ్గారు. ఆ తిండి ఎగరకుండా టైం ఒక్కటే ముందుకి జరిపితే కాటా మీద ముల్లు కదలదు. మీ ఇంట్లో జరుగుతున్నది అదేనని నా అనుమానం, ఎందుకో తర్వాత చెప్తాను. ముందు సైన్సు సంగతి చూద్దాం, ఎందుకంటే ఇందులో రెండు వైపులా నిజం ఉంది, వీడియోలు చేసేవాళ్ళు ఒక వైపే పట్టుకుంటారు.

మన ఒంటికి ఒక గడియారం ఉందన్న మాట నిజమే. పొద్దుట పూట ఇన్సులిన్ చురుగ్గా పనిచేస్తుంది, చీకటి పడి నిద్ర హార్మోను మెలటోనిన్ లేవడం మొదలయ్యాక అదే ఇన్సులిన్ మందగిస్తుంది, అప్పుడు అదే కంచం అదే అన్నం తిన్నా రక్తంలో షుగర్ ఎక్కువ లేచి ఎక్కువసేపు కూర్చుంటుంది. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు 2020లో 20 మంది ఆరోగ్యవంతులకి ఒకే భోజనం ఒకసారి సాయంత్రం 6కి, ఇంకోసారి రాత్రి 10కి పెట్టి, రెండు సార్లూ 11కే పడుకోబెట్టి చూశారు. 10కి తిన్న రోజు షుగర్ సుమారు 18 శాతం ఎక్కువ ఎత్తుకి లేచింది, తిన్న కొవ్వు కరగడం సుమారు 10 శాతం తగ్గింది. ఇందులో నాకు నచ్చిన ముక్క ఇంకోటుంది, పెందలాడే పడుకునే అలవాటున్నవాళ్ళ మీద ఈ దెబ్బ ఎక్కువ పడింది, అంటే లెక్క గోడ మీద గంటది కాదు, మీ నిద్రకీ మీ అన్నానికీ మధ్య ఎంత ఎడం ఉందన్నది. మీ అత్తగారిలా 8:30కే మంచం ఎక్కేవాళ్ళకి 8 గంటల భోజనం లేటు, 11:30కి పడుకునే మీకు అదే 8 గంటల భోజనం లేటు కాదు.

2022లో బోస్టన్‌లో ఇంకో పని చేశారు. బరువెక్కువ ఉన్న 16 మందిని ల్యాబ్‌లో పెట్టుకుని, తిండి మొత్తం గ్రాముతో సహా అదే ఉంచి, అన్ని పూటలూ సుమారు 4 గంటలు ఆలస్యం చేశారు. ఆకలి పెరిగింది, కడుపు నిండిందని మెదడుకి చెప్పే లెప్టిన్ తగ్గింది, మెలకువగా ఉన్నప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తి సుమారు 5 శాతం పడిపోయింది. వీడియోల వాళ్ళందరూ చెప్పేది ఈ స్టడీనే. మంచి స్టడీయే, కాదనను. కానీ 16 మంది, అదీ కొద్ది రోజులు, ఇంట్లో కాదు ల్యాబ్‌లో, పైగా అందులో ఎవరు ఎన్ని కేజీలు తగ్గారన్నది చూడనేలేదు.

కేజీలు చూసిన స్టడీలు ఏం చెప్పాయంటే, ఒకదానికొకటి కలవవు. స్కాట్లండ్‌లో అబెర్డీన్ వాళ్ళు 2022లో 30 మందికి వండిన తిండంతా వాళ్ళే ఇచ్చి, నాలుగు వారాలు పొద్దున ఎక్కువ రాత్రి తక్కువ, ఇంకో నాలుగు వారాలు పొద్దున తక్కువ రాత్రి ఎక్కువ పెట్టారు, రెండిట్లోనూ ఒకేలా తగ్గారు, మూడు కేజీల చిల్లర. జాన్స్ హాప్కిన్స్ వాళ్ళే 2024లో 41 మందితో 12 వారాలు చేశారు, ఒక గుంపు రోజు తిండిలో 80 శాతం మధ్యాహ్నం 1 లోపు తినేసింది, ఇంకో గుంపు సగం తిండి సాయంత్రం 5 దాటాక తింది, మొత్తం కేలరీలు సమానం, తేడా రాలేదు. చైనాలో గ్వాంగ్‌జౌలో 139 మందిని ఏడాది పాటు చూశారు, అందరికీ కేలరీలు తగ్గించి, సగం మందిని పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపే తినమన్నారు, వాళ్ళు 8 కేజీలు తగ్గారు, టైం పట్టింపు లేనివాళ్ళు 6.3 తగ్గారు, ఆ తేడా లెక్కల్లో నిలబడలేదు, అంటే ఊరికే అలా వచ్చిందీ కావచ్చు. మరోపక్క అలబామాలో 2022లోనే 90 మందితో చేసినదాంట్లో పొద్దున 7 నుంచి మధ్యాహ్నం 3 లోపు తినేసినవాళ్ళు 14 వారాల్లో 2.3 కేజీలు ఎక్కువే తగ్గారు. అంటే టైం వల్ల లాభం వస్తే అంత వస్తుంది, చాలా చోట్ల అదీ రాదు. మధ్యాహ్నం 3కి రోజు ఆఖరి భోజనం ముగించెయ్యడం మన గోదారి జిల్లాల్లో ఎవరివల్ల అవుతుందో నాకైతే తెలీదు, ఆ టైముకి మనవాళ్ళకి ఇంకా మధ్యాహ్నం కునుకే తీరదు.

అబెర్డీన్ దాంట్లో ఇంకో విషయం కనపడింది, నా మటుకు నాకు అన్నిటికన్నా పనికొచ్చేది అదే. రెండు పద్ధతుల్లోనూ కేజీలు ఒకటే అయినా, పొద్దున బాగా తిన్న వారాల్లో రోజంతా ఆకలి తక్కువగా ఉందన్నారు. ల్యాబ్ వాళ్ళు కొలిచి పెడితే ఆకలి ఎక్కువైనా తక్కువైనా కంచంలోది మారదు. మన ఇంట్లో కొలిచిపెట్టేవాళ్ళు ఎవరున్నారు, ఆకలేస్తే చెయ్యి జంతికల డబ్బాలోకి పోతుంది. టైం మనమీద పనిచేసేది ఎక్కువగా ఈ దారిలోనే, ఆకలి మీంచి వచ్చి కంచం మీద పడుతుంది.

మీకు వనామీ రొయ్యల చెరువుంది కాబట్టి ఇలా చెప్తే తేలిగ్గా అర్థమవుతుంది. మేత రోజుకి నాలుగు పూటలు టైం ప్రకారం వేస్తారు, మేత మిగిలిందో లేదో చూసే చెక్ ట్రే ఎత్తి చూసి తర్వాత పూటకి తగ్గించాలో పెంచాలో చూసుకుంటారు. టైం ముఖ్యమే. కానీ పంట అయ్యాక ఎఫ్‌సీఆర్, అంటే ఎంత మేతకి ఎంత రొయ్య వచ్చిందన్న లెక్క కట్టేటప్పుడు ఏ గంటకి వేశారని ఎవరూ అడగరు, మొత్తం ఎన్ని బస్తాలు పడ్డాయి, ఎన్ని కేజీల రొయ్య వచ్చింది, అంతే. మీవారు చెరువులో ఇంత లెక్కగా ఉంటారు కదా, ఇంట్లో చెక్ ట్రే ఎత్తేవాళ్ళు లేరు, అదీ సంగతి.

ఇప్పుడు మీ సంగతికొద్దాం. మీరు రాసినదాంట్లో 6:30 భోజనం ఉంది, పొద్దుటి టిఫిను ఉంది, మధ్యాహ్నం భోజనం ఉంది. సాయంత్రం 4 నుంచి 6 దాకా ఏమీ రాయలేదు, రాత్రి 10 నుంచి 11 దాకా ఏమీ రాయలేదు. నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళు రాసుకొచ్చే నోటుపుస్తకాల్లో కూడా ఈ రెండు ఖాళీలే ఉంటాయి, దాచిపెట్టాలని కాదండి, అది తిండి కింద లెక్కే వెయ్యరు.

సాయంత్రం సంగతి అందరికీ తెలిసిందే. 5 అయ్యేసరికి సెంటర్లో బజ్జీల బండి దగ్గర నూనె కాగుతుంది, మిరపకాయ బజ్జీ మధ్యకి చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండి ఇస్తాడు, పక్కన పునుగులు, ఇంకాస్త ముందుకెళ్తే చికెన్ పకోడి. పిల్లలు తెచ్చుకుంటారు, పొట్లం విప్పాక మీకోటి, అత్తగారికోటి. బండి లేని రోజు పంచదార వేసిన టీ, దాంతో రెండు జంతికలో కాస్త కారప్పూసో, ఎవరైనా ఆత్రేయపురం మీంచి వస్తే పూతరేకులు, తాపేశ్వరం మీంచి వస్తే కాజా. ఒక టేబుల్ స్పూన్ నూనెకి 120 కేలరీల పైమాటే, బజ్జీ పొట్లం కాగితం ఎంత నూనె పీల్చిందో చూస్తే లోపలికెంత పోయిందో మీకే తెలుస్తుంది.

రాత్రి 10 దగ్గర జరిగేది ఇంకా చిత్రంగా ఉంటుంది. 6:30కి తిన్నారు, 10కి మూడున్నర గంటలయింది, కడుపు ఖాళీ అవడం న్యాయమే. ఆయనొచ్చారు, కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు, మీరు వేడిగా రెండు చేపముక్కలు వేపారు, ఎదురుగా కూర్చుని వడ్డిస్తున్నారు. వేపుడు ఉప్పు చూడ్డానికో తుంపు. ఆయన "నువ్వూ ఓ ముద్ద తిను" అంటారు, అనకపోతే మనకే చిన్నబుచ్చుకున్నట్టుంటుంది. ఆయన లేచాక గిన్నె అడుగున గుప్పెడన్నం, చారు కొంచెం, కూర అడుగున గుజ్జు, ఇంత దానికి ఫ్రిజ్ ఎందుకని ఆ గిన్నెలోనే కలిపి నిలబడే రెండు ముద్దలు తినేసి గిన్నె సింకులో వేస్తారు. కంచం పెట్టుకోలేదు కాబట్టి భోజనం చెయ్యలేదు. ఆ గిన్నెలో 100 గ్రాముల అన్నం ఉంటే 130 కేలరీలు, కూరలో నూనె, చేపముక్క తుంపు, మీద కాస్త పెరుగు, మొత్తం మీద 250, 300 సులువుగా అవుతుంది. రోజుకి 300 చొప్పున నెలకి 9,000. ఒక కేజీ కొవ్వంటే సుమారు 7,700 కేలరీలు. లెక్క అచ్చం ఇంత సూటిగా నడవదు, ఒళ్ళు సర్దుకుంటుంది, కానీ మీరు 6:30కి నోరు కట్టుకుని సంపాదించిందంతా 10:30కి గిన్నె అడుగునే పోతోందని చెప్పడానికి ఈ లెక్క చాలు.

మీది కూడా ఇదేనా కాదా నేను చూడలేదు, మీరే చూసుకోండి. ఒక వారం పాటు నోట్లో ఏది పడినా, రుచి చూసినా సరే, ఫోన్లో టైముతో రాయండి. డైట్ ఏమీ మార్చొద్దు ఆ వారం.

మొదట్లో తగ్గిన కేజీన్నర గురించి బెంగ పెట్టుకోకండి, అది చాలావరకు నీరు. తిండి తగ్గించగానే కాలేయంలో, కండల్లో దాచుకున్న గ్లైకోజన్ అనే చక్కెర నిల్వ కరుగుతుంది, దాన్ని పట్టుకుని ఉన్న నీళ్ళూ పోతాయి, ఉప్పు తగ్గితే ఇంకొంచెం పోతుంది, మళ్ళీ మామూలుగా తినగానే వచ్చేస్తుంది. నెలసరి ముందు కూడా కేజీ, ఒక్కోసారి రెండు కేజీలు నీరు చేరుతుంది. అందుకే రోజూ కాటా ఎక్కి ఏడవొద్దు, వారానికోసారి, పొద్దున్నే దొడ్డికెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు చూసుకుంటే చాలు.

మన పద్ధతుల్లోనే చూడండి, టైం ఒక్కటే పనిచేసేదైతే కార్తీక మాసంలో సోమవారాలు చేసేవాళ్ళ సంగతేంటి? పొద్దున్నుంచి పచ్చిగంగ ముట్టకుండా ఉండి నక్షత్రం చూశాక తింటారు, ఆ రాత్రి విస్తట్లో పులిహోర, గారె, పరవాన్నం అన్నీ ఉంటాయి, నెలాఖరుకి తగ్గినవాళ్ళని నేను పెద్దగా చూడలేదు. ఇంకో పక్క అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, 41 రోజులూ టైం చక్కగా ఉంటుంది, మందు లేదు మాంసం లేదు. కొంతమంది నాలుగైదు కేజీలు తగ్గి మొహం తేటగా వస్తారు, కొంతమంది పొట్టతో వస్తారు, అడిగితే తెలుస్తుంది, రోజూ ఒకరి ఇంట్లో భిక్ష, అడిగి అడిగి వడ్డిస్తారు, స్వామి వద్దనకూడదు, రాత్రి అల్పాహారం అంటే ఆరు పూరీలు. శనివారం పలారం కూడా అంతే, రాత్రి అన్నం మానేశాం కదా అని దిబ్బరొట్టె మూకుడులో నూనె పోసి ఎర్రగా కాల్చి, సగం రొట్టె కొబ్బరి పచ్చడితో లాగించేస్తే దానికన్నా కప్పు అన్నమే నయం. దిబ్బరొట్టెని తిడుతున్నాననుకోకండి, అది నాకూ ప్రాణమే, రాత్రి పూట డైట్ పేరు పెట్టి తినొద్దంటున్నానంతే.

ఇంక ఏం చెయ్యాలో చెప్తాను. ముందు ఆ 6:30 మానెయ్యండి. మీ ఇంటికి అది కుదరదు, 11:30కి పడుకునే మనిషి 6:30కి తింటే ఐదు గంటలు వంటింట్లో తిండి మధ్యలో తిరుగుతూ ఖాళీ కడుపుతో ఉండాలి, అదెవరివల్లా కాదు. 8కి, మహా అయితే 8:15కి, కూర్చుని, కంచం పెట్టుకుని తినండి, పడుకోడానికి మూడు గంటలు ఎడం దొరుకుతుంది. ఆ మూడు గంటల ఎడం వల్ల బరువు సంగతెలా ఉన్నా గుండెల్లో మంట, పులితేన్పులు మాత్రం బాగా తగ్గుతాయి, ఉన్నవాళ్ళకి ఆ హాయి వారంలో తెలుస్తుంది.

రాత్రి కంచంలో అన్నం మానొద్దు. మానితే రెండు వారాలు బాగుంటుంది, మూడో వారం పెళ్ళి భోజనమో చేపల పులుసో ఎదురైతే కట్టలు తెగుతాయి. 60, 70 గ్రాముల బియ్యం కొలిచి వండితే వచ్చే అన్నం, అంటే ఓ మోస్తరు కప్పున్నర దాకా వస్తుంది, అందులో కేలరీలు 210 నుంచి 250. దానికి సమానంగా కూర, బీరకాయో ఆనపకాయో దొండకాయో తోటకూర పప్పో, కలుపుకునేంత కాదు, తినేంత. పక్కన గుడ్డో చేపముక్కో ఉండాలి, మీ వైపు శీలావతి, బొచ్చె గుమ్మంలోకొచ్చి అమ్ముతారు, అదృష్టవంతులు. వేపుడు కన్నా పులుసు మంచిది నూనె లెక్కలో, కానీ పులుసుకో గుణముంది, అన్నం లాగుతూనే ఉంటుంది, అందుకని పులుసు రోజు అన్నం ముందే కంచంలో పెట్టేసుకుని గిన్నె మూసెయ్యాలి, రెండోసారి గరిటె వెయ్యకూడదు.

సాయంత్రం 5కి ఏదో ఒకటి తినాలి, ఖాళీగా ఉండమని నేను చెప్పను. శనగ గుగ్గిళ్ళు, గుప్పెడు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, ఒక గుడ్డు, చలికాలమైతే ఒకటో రెండో తేగలు, ఎండాకాలమైతే ముంజులు, వీటిల్లో ఒకటి. కొబ్బరికాయ కొట్టిన రోజు ముక్కలు నముల్తూ పనిచేసుకోవడం కోనసీమ ఇళ్ళల్లో ఉంది, మీ దగ్గరా ఉంటుంది, పచ్చికొబ్బరి 100 గ్రాములకి 350 కేలరీల దాకా ఉంటుంది, మంచిదే, చిన్న ముక్కతో ఆపగలిగితే. బజ్జీలు వారానికోసారి, పేరంటంలా. టీలో పంచదార సగం చేసి నెల తర్వాత మళ్ళీ సగం చెయ్యండి.

10కి ఆయన వచ్చినప్పుడు ఎదురుగా కూర్చోండి, అది మానొద్దు, రోజంతా మాట్లాడుకోడానికి దొరికేది ఆ అరగంటే. చేతిలో గ్లాసుడు పల్చటి మజ్జిగ పెట్టుకోండి, అల్లం కరివేపాకు నలిపేసి. మీరన్నట్టు పెరుగు మానక్కర్లేదు, రాత్రి పెరుగు తింటే లావవుతారన్నది ఉత్త మాట, పెరుగుతో పాటు కలిసే రెండోసారి అన్నం వల్ల అవుతారు. మిగిలిన అన్నం సంగతి మాత్రం ఆయన లేవకముందే తేల్చెయ్యాలి, ఆయనకి వడ్డించెయ్యగానే మిగతాది అలాగే గిన్నెలో నీళ్ళు పోసేసి మూతపెట్టండి, పొద్దున్నే చద్దన్నంగా మజ్జిగ, ఉల్లిపాయతో మీ టిఫిన్ అయిపోతుంది. ఎండల్లో మాత్రం మధ్యాహ్నం దాకా ఉంచొద్దు. నీళ్ళు పోశాక ఎవరికీ నిలబడి తినబుద్ధి కాదు, నేను చెప్పే చిట్కాలన్నిట్లోకీ ఆడవాళ్ళు ఎక్కువ బాగుందన్నది ఇదే.

మీవారి గురించి మీరు అడగలేదు కానీ చెప్తాను, ఇద్దరిలో టైం దెబ్బ ఎక్కువ తగిలేది ఆయనకే. చెరువు మీద పని అంటే మధ్యాహ్నం భోజనం ఏ 3:30కో అవుతుంది, 10కి మళ్ళీ నిండుగా తిని 10:45కి నిద్ర, తెల్లారకట్ల ఆక్సిజన్ పడిపోతుందేమోనని 4కే లేచి ఏరియేటర్లు చూడ్డానికి పోవడం. స్పెయిన్‌లో 420 మందిని 20 వారాలు చూసినదాంట్లో, పెద్ద భోజనం మధ్యాహ్నం 3 దాటాక చేసేవాళ్ళు మిగతావాళ్ళకన్నా తక్కువ తగ్గారు, తిన్నది దాదాపు ఒకటే అయినా. అది గమనించి రాసిందే కాబట్టి టైం వల్లే అని కొట్టి చెప్పలేం, కానీ మనం రాత్రి గురించే గొడవపడతాం, ఎప్పుడో అయ్యే మధ్యాహ్నం భోజనం ఎవరికీ పట్టదు. వీలైతే మధ్యాహ్నం 1:30కి ఒక క్యారియర్, రాత్రి 7:30కి పాలేరు వెళ్ళేటప్పుడు ఇంకో చిన్న క్యారియర్ పంపండి, చెరువు గట్టు షెడ్డులో తినేస్తారు, మేత, మందులు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని తినమనండి. ఇంటికొచ్చాక మజ్జిగో పాలో ఇద్దరూ కలిసి తాగొచ్చు. ఆయన నిద్ర కూడా ఐదు గంటలే అవుతోంది కదా, షికాగోలో 2022లో తక్కువ నిద్రపోయే 80 మందికి రోజూ గంట పైన నిద్ర పెంచితే, తిండి తగ్గించమని ఎవరూ చెప్పకుండానే రోజుకి సుమారు 270 కేలరీలు తక్కువ తిన్నారు. మధ్యాహ్నం ఆ కునుకు తియ్యనివ్వండి ఆయన్ని.

తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే షుగర్ లేవడం తగ్గుతుంది, ఇది ఎవరికైనా పనికొస్తుంది. చీకట్లో కాలవ గట్టు మీద నడవమని చెప్పను, వానాకాలం పాములుంటాయి, డాబా మీదో వాకిట్లోనో ఫోన్ మాట్లాడుకుంటూ తిరగండి.

ఇంకొక్కటి, అన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది. మీ ఎత్తుకి 74 కేజీలంటే బీఎంఐ, అంటే ఎత్తుకీ బరువుకీ పొంతన చూసే లెక్క, 31కి దగ్గరగా ఉంది, మనవాళ్ళకి 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. అమ్మగారికి షుగర్ ఉంది. ఐసీఎంఆర్ వాళ్ళు దేశమంతా చేసి 2023లో వెలువరించిన సర్వేలో పెద్దవాళ్ళలో 11.4 శాతం మందికి షుగర్, ఇంకో 15.3 శాతం మందికి షుగర్ ముందు దశ ఉందని తేలింది. మీరు ఆ రెండో గుంపులో ఉండే అవకాశం బాగానే ఉంది. ఉంటే గనక నేను పైన టైం గురించి చెప్పినది కొంచెం మారుతుంది, ఎందుకంటే బరువుకి టైం చిన్న విషయం, షుగర్‌కి అంత చిన్నది కాదు. 2018లో అలబామాలోనే షుగర్ ముందు దశలో ఉన్న 8 మంది మగవాళ్ళకి ఐదు వారాలు తిండి మొత్తం మధ్యాహ్నం 3 లోపు పెడితే, ఒక్క కేజీ తగ్గకపోయినా ఇన్సులిన్ పనితీరు, బీపీ మెరుగయ్యాయి. 8 మందే, కానీ జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు రాత్రి 10 భోజనంతో చూసినదీ ఆ వైపే చూపిస్తుంది. అలాంటప్పుడు 8 కాదు, 7:15, 7:30కి తినమంటాను, రాత్రి అన్నం ఇంకొంచెం తగ్గించి మధ్యాహ్నానికి జరపమంటాను.

అమ్మగారికి మాత్రం ఇవేవీ మీ అంతట మీరు చెప్పకండి. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలో ఇన్సులినో వాడుతూ రాత్రి భోజనం మానేసినా, బాగా ముందుకి జరిపినా తెల్లారకట్ల షుగర్ పడిపోయి చెమటలు పట్టి పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టర్‌గారిని అడిగి మందు టైం కూడా మార్పించుకున్నాకే భోజనం టైం మార్చాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా ఈ ఏడు గంటల నియమాల జోలికి పోవద్దు.

రెండు మూడు నెలల సగటు షుగర్ చూపించే హెచ్‌బీఏ1సీ టెస్టు చేయించుకోండి, పాలకొల్లులోనే ఏ ల్యాబ్‌లోనైనా చేస్తారు, దానికి పరగడుపున వెళ్ళక్కర్లేదు. 5.7 లోపైతే పైన చెప్పినట్టే చెయ్యండి, 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ఆ 7:30 సంగతి, 6.5 గాని ఆ పైన గాని ఉంటే ముందు డాక్టర్ దగ్గరికి, తర్వాత నా దగ్గరికి. టేపుతో నడుము కొలత కూడా రాసి పెట్టండి, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్ల లోపుండాలి. ఆ వారం రాసిన లిస్టు, ఈ రెండు నంబర్లు కలిపి పంపితే అప్పుడు పూట పూటకీ ఎంతెంత అన్నది కూర్చుని వేద్దాం.